గప్పీ చేపలలో అసలు రకమేది? సంకరమేది?

ధరలో తేడా ఎక్కువ. కంటికి కనిపించే తేడా తక్కువ

రంగుచేపల మార్కెట్లో గప్పీ చిన్న సరుకు. మగచేప తోకతో కలిపి రెండంగుళాలు దాటడం అరుదు. అయినా ఈ చిన్న చేపకు మార్కెట్లో రెండు ధరలు వున్నాయి. రకరకాల రంగులు కలిసిపోయిన గప్పీలను ‘మిక్స్‌డ్’ పేరుతో దుకాణదారులు వలతో తోడి డజన్ల లెక్కన, వందల లెక్కన అమ్ముతారు. పేరుగల రకాలను మాత్రం జత లెక్కన, లేదా ఒక మగచేప, రెండు ఆడచేపలు కలిపి ‘ట్రియో’ లెక్కన అమ్ముతారు. ఒక మంచి జతకు పెట్టే డబ్బుతో మిక్స్‌డ్ గప్పీలను సంచి నిండా కొనవచ్చు.

ఈ తేడాను చూసే చాలామంది చిన్న పెంపకందారులు ఈ వ్యాపారంలోకి దిగుతుంటారు. పెరట్లోనో, మేడమీదనో నాలుగు సిమెంటు తొట్టెలు కట్టించి, పేరున్న రకమని చెప్పిన జతను ఎక్కువ ధరకు కొంటారు. చేపలు బాగానే పెరుగుతాయి. పిల్లలు పెడతాయి. ఆ పిల్లలకు రంగు వచ్చే సమయానికి ఒక్కొక్కటి ఒక్కో తీరుగా బయటపడుతుంది. ఒకదాని తోక విసనకర్రలా విచ్చుకుంటుంది. మరొకదాని తోక కురచగా వుంటుంది. ఇంకొకదానికి ఒంటిమీద ఎక్కడా లేని మచ్చలు వస్తాయి. దుకాణదారు ఒకసారి చూసి, మిక్స్‌డ్ సరుకని తేల్చి, మిక్స్‌డ్ ధరే కడతాడు. జతకు పెట్టిన డబ్బు, నాలుగు నెలల మేత, శ్రమ నష్టాల ఖాతాలోకి పోతాయి.

కొనేటప్పుడే చేపను చూసి అసలు రకమో సంకరమో చెప్పగలిగితే ఈ నష్టం వుండదు. కాని చిక్కు అక్కడే వుంది. ఒక గప్పీని చూసి అది సంకరమని కొన్ని సందర్భాలలో చెప్పవచ్చు. అది అసలు రకమేనని మాత్రం ఎంత అనుభవశాలి అయినా చూపుతో చెప్పలేడు. అసలు రకానికి సాక్ష్యం ఆ చేప ఒంటిమీద వుండదు. దాని పిల్లలలో వుంటుంది.

‘అసలు రకం’ అంటే అర్థం

గప్పీ దక్షిణ అమెరికా ఈశాన్య తీరానికి, ట్రినిడాడ్ దీవికి చెందిన మంచినీటి చేప. జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ పీటర్స్ 1859లో దీనిని మొదట వర్ణించాడు. ట్రినిడాడ్ నుంచి నమూనాలను లండన్‌కు పంపిన రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ పేరును 1866లో దీనికి పెట్టారు. తరువాత శాస్త్రీయ నామం పోసీలియా రెటిక్యులేటాగా స్థిరపడినా, వాడుకలో గప్పీ అన్న పేరే నిలిచిపోయింది. దోమపిల్లలను తింటుంది కనుక 20వ శతాబ్దం తొలి సంవత్సరాల నుంచి మన దేశంలోనూ దీనిని చెరువులలో, కాలువలలో వదిలారు. పురపాలక సంఘాలు నేటికీ దోమల నివారణకు వదులుతున్న చేపలలో ఇదొకటి.

మురుగు కాలువలో గుంపులుగా తిరిగే బూడిదరంగు చేప, గాజు తొట్టెలో ఎర్రని తోక ఆడించే చేప, రెండూ ఒకే జాతి. అల్బినో ఫుల్ రెడ్, బ్లూ గ్రాస్, కోబ్రా, టక్సీడో, మాస్కో అంటూ దుకాణాలలో వినిపించే పేర్లన్నీ ఆ ఒక్క జాతిలో మనుషులు ఏరి, జతకట్టించి నిలబెట్టిన రకాలవే. ఏ రకాన్ని ఏ రకంతో కలిపినా పిల్లలు పుడతాయి. ఆ పిల్లలూ మళ్ళీ పిల్లలు పెడతాయి.

కనుక ఈ వ్యాపారంలో ‘ప్యూర్’ అన్న మాటను వరి వంగడాల విషయంలో రైతులు అర్థం చేసుకునే తీరులోనే అర్థం చేసుకోవాలి. ఒక వంగడం విత్తనం చల్లితే అదే వంగడం పండాలి. అలాగే ఒక రకానికి చెందిన మగ, ఆడ గప్పీలను కలిపితే పిల్లలు తరం తరువాత తరం దాదాపు ఆ పోలికనే రావాలి. అలా వచ్చే వరుసను పెంపకందారులు ‘లైను’ అంటారు. ఎక్కువ ధర పెట్టి కొనేవాడు నిజానికి కొనేది చేప అందాన్ని కాదు. ఆ లైను నిలుస్తుందన్న భరోసాను.

కొడుకుది తండ్రి పోలికే

దుకాణంలో కొనుగోలుదారు కన్ను సహజంగా మగచేప మీదనే పడుతుంది. రంగు, తోక దానివే. ఆడచేప పెద్దదిగా, మందంగా, చాలా రకాలలో వన్నె తక్కువగా వుంటుంది. మగచేప బాగుందని జతను తీసుకోవడం కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు.

ఎందుకు పొరపాటో చెప్పే శాస్త్రం నూరేళ్ళ నాటిది. మనుషులలో వలెనే గప్పీలలోనూ ఆడచేపకు రెండు ఎక్స్ క్రోమోజోములు, మగచేపకు ఒక ఎక్స్, ఒక వై వుంటాయి. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుకుకే వెళుతుంది. గప్పీ మగచేపల రంగు గుర్తులలో కొన్ని ఈ వై మీదనే వుంటాయని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యోహనెస్ ష్మిట్ 1920లో చూపాడు. అదే దేశానికి చెందిన వింగే 1920 దశకంలో ఆ పరిశోధనను ముందుకు తీసుకుపోయి, మరెన్నో రంగు గుర్తులు ఎక్స్ మీద, వై మీద ఎలా సాగుతాయో వివరించాడు.

దీని వ్యాపార ఫలితం ఇది. పాము చర్మం వంటి అల్లిక గల కోబ్రా రకాన్ని తీసుకుంటే, చాలా లైన్లలో ఆ అల్లిక వై మీద నడుస్తుంది. అటువంటి కోబ్రా మగచేపను కాలువ నుంచి పట్టుకొచ్చిన ఆడచేపతో కలిపినా కొడుకుల ఒంటిమీద కోబ్రా అల్లిక కనిపిస్తుంది. అంటే ఒంటిమీద గుర్తు తండ్రిని మాత్రమే చెబుతుంది; తల్లి ఎవరో చెప్పదు. తల్లి నుంచి వచ్చిన లోపం తోకలో, వీపు రెక్కలో బయటపడుతుంది. తోక వెడల్పు, రెక్క పొడవు ఒక్క జన్యువు మీద ఆధారపడవు. తల్లివైపు నుంచి, తండ్రివైపు నుంచి వచ్చే పలు జన్యువులు కలిసి వాటిని తీర్చుతాయి. కాబట్టి ఒంటిమీద అల్లిక చక్కగా వుండి తోక కురచగానో, అంచు వంకరగానో వున్న మగచేపలు తొట్టెలో ఎక్కువగా వుంటే ఆ లైనులో బయటి ఆడచేప కలిసిందేమోనని అనుమానించాలి.

ఆడచేపలో చూడవలసినవి

అనుభవమున్న కొనుగోలుదారులు మొదట ఆడచేపలను చూస్తారు. ఒకే తొట్టెలోని ఆడచేపలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా వున్నాయన్నది ముఖ్యమైన ప్రశ్న. మంచి లైనులో ఆడచేపల ఒంటి ఛాయ, తోక ఆకారం, తోకలో వుండే కొద్దిపాటి రంగు ఒకే తీరుగా వుంటాయి. ఒకదాని తోకలో ఎరుపు, మరొకదానిలో నీలం, మూడోదానిలో ఏ రంగూ లేకపోతే ఆ తొట్టె మీద ఏ పేరు రాసి వున్నా నమ్మకూడదు.

టక్సీడో రకంలో ఈ పరీక్ష మరింత సులువు. ఈ రకం చేపకు ఒంటి వెనుక సగం నల్లగా వుంటుంది. ఈ నలుపుకు కారణమైన జన్యువు కొన్ని లైన్లలో ఎక్స్ మీద, కొన్నింటిలో వై మీద వుంటుంది. ఎక్స్ మీద నడిచే లైనులో ఆడచేపల వెనుక భాగం కూడా ముదురుగా వుండాలి. అటువంటి లైనుకు చెందిన మగచేపను బయటి ఆడచేపతో కలిపితే కొడుకులకు తండ్రి ఎక్స్ రాదు కనుక వారికి నలుపు రాదు, కూతుళ్ళందరికీ వస్తుంది. నలుపు మగచేపకు నలుపు లేని కొడుకులు పుట్టారంటే కారణం వెతకడం కష్టం కాదు.

మరీ మెరిసే ఆడచేపలను చూసి మురిసిపోవడం కూడా మంచిది కాదు. మగ హార్మోను కలిపిన నీటిలో గానీ, మేతతో గానీ పెంచితే ఆడచేపలకూ మగచేపల రంగులు వస్తాయి. ఆడచేపలో దాగిన రంగు తెలుసుకోవడానికి కొందరు పెంపకందారులు ఒకటి రెండు చేపల మీద ఈ పని చేస్తారు. అదే పనిని అమ్మకం కోసం చేస్తే కొనేవాడికి నష్టం. ఎందుకంటే అలా మారిన ఆడచేపలు పిల్లలు పెట్టకపోవచ్చు.

రంగు వెలిసినంత మాత్రాన సంకరమని అనడమూ సరికాదు. గప్పీ ఒంటిమీద ఎరుపు, నారింజ వన్నెలు చాలావరకు మేతలోని కెరోటినాయిడ్ల మీద ఆధారపడతాయి. నాసిరకం మేత తిన్న అసలు రకం చేప, మంచి మేత తిన్న సంకరం చేపకంటే వెలవెలబోయి కనిపించవచ్చు. ఆకారం, గుర్తుల అమరిక వంశానివి; వన్నె గాఢత కొంత మేతది.

మొదటి తరం మెరుపు

కొనేవారిని ఎక్కువగా మోసపుచ్చేది మొదటి తరం సంకరం. వేర్వేరు రకాలకు చెందిన రెండు మంచి లైన్లను కలిపితే మొదటి తరం పిల్లలు చాలా సందర్భాలలో ఒకే పోలికతో, తల్లిదండ్రులకంటే చురుకుగా, బలంగా పెరుగుతాయి. తొట్టె నిండా ఒకే తీరు చేపలు కనిపిస్తాయి కనుక ఇది స్థిరపడిన లైనేనని ఎవరైనా అనుకుంటారు. అమ్మేవాడు కూడా కొన్నిసార్లు నిజంగానే అలా నమ్ముతాడు.

హైబ్రిడ్ విత్తనం వేసిన రైతుకు ఈ సంగతి కొత్తది కాదు. మొదటి పంట ఏకరీతిగా వస్తుంది. ఆ పంట గింజలనే మళ్ళీ విత్తితే చేను చేనంతా ఎగుడుదిగుడుగా లేస్తుంది. గప్పీలలోనూ అంతే. మొదటి తరం అన్నాచెల్లెళ్ళను జతకట్టించినప్పుడు రెండో తరంలో కలిసిన గుణాలన్నీ విడిపోతాయి.

దీని లెక్క సూటిగానే వుంటుంది. ఒక రకపు అందం ఒక అంతర్గత జన్యువు మీద, అంటే రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడే జన్యువు మీద ఆధారపడిందనుకుంటే, రెండో తరంలో నాలుగింట ఒక పిల్ల మాత్రమే ఆ గుణంతో వస్తుంది. వేర్వేరుగా నడిచే అటువంటి జన్యువులు రెండు కావలసి వుంటే పదహారింట ఒకటి. 160 పిల్లలు పెంచితే సగటున 10 మాత్రమే పేరుకు తగ్గట్టు వుంటాయి. మిగిలిన 150 చేపలు మిక్స్‌డ్ తొట్టెలోకే పోతాయి. మేత మాత్రం 160కీ ఒకటే.

మొదటి తరం పిల్లలకు పూర్తి రంగు, తోక రావడానికి, అంటే జత కొన్న నాటి నుంచి సుమారు 4 నెలలు పడుతుంది. రెండో తరం సంగతి తెలియడానికి మరో 4 నెలలు. ఒక లైను అసలైనదో కాదో తేలడానికి మొత్తం 8 నెలలు పడుతుందని పెంపకందారుడు ముందుగానే లెక్కవేసుకోవాలి.

ఎర్రకన్ను లెక్క

అల్బినో రకాల విషయంలో పరీక్ష కొంత తేలిక. అల్బినో గప్పీకి నల్లని వర్ణకం వుండదు. కన్ను ఎర్రగా వుంటుంది. ఇది అంతర్గత గుణం. కనుక ఎర్రకన్ను గల చేపలో ఆ ఒక్క గుణం మేరకు సంకరం వుండదు. ఒకే అల్బినో లైనుకు చెందిన రెండు ఎర్రకన్ను చేపలను కలిపితే పిల్లలన్నీ ఎర్రకన్నుతోనే పుట్టాలి. ఒక్క నల్లకన్ను పిల్ల కనిపించినా ఆ ఆడచేప బయటి మగచేపను కలిసిందనే అనుమానించాలి.

చిక్కు నల్లకన్ను చేపలతో వస్తుంది. అల్బినోను మామూలు బూడిదవన్నె చేపతో కలిపితే మొదటి తరం అంతా నల్లకన్నుతోనే పుడుతుంది. అల్బినో గుణం లోపల దాగి వుంటుంది. అటువంటి రెండు చేపలను కలిపితే నాలుగింట ఒకటి ఎర్రకన్నుతో వస్తుంది. మిగిలిన మూడింటిలో రెండింటికి ఆ గుణం దాగే వుంటుంది. పైకి ఆ మూడూ ఒక్కటే.

దాగిన గుణం వుందో లేదో తెలుసుకోవడానికి ఒక దారి వుంది. అనుమానమున్న నల్లకన్ను మగచేపను, ఇంకా మగచేప సాంగత్యం తెలియని అల్బినో ఆడచేపతో కలపాలి. ఆ మగచేపలో గుణం దాగి వుంటే పిల్లలలో సగటున సగం ఎర్రకన్నుతో పుడతాయి. వరుసగా 7 పిల్లలు నల్లకన్నుతోనే పుడితే, దాగిన గుణం వుండి కూడా అలా జరిగే అవకాశం 128లో 1 వంతు. ఒక్క కాన్పులో ఇంతకంటే ఎక్కువ పిల్లలే పుడతాయి కనుక ఈ పరీక్షకు ఒక నెల, ఒక చిన్న తొట్టె చాలు. కళ్ళ రంగు పుట్టిన రోజే తెలుస్తుంది. రంగులు వచ్చేదాకా ఆగనవసరం లేదు.

ఆడచేప పాత సంబంధం

జత కొని ఇంటికి తెచ్చినవాడు తరచు మరిచే సంగతి మరొకటి వుంది. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లలనే ఈనుతుంది. ఒకసారి మగచేపతో కలిసిన ఆడచేప ఆ వీర్యాన్ని లోపల నెలల తరబడి నిలవ వుంచుకోగలదు. సుమారు నాలుగు వారాలకు ఒక కాన్పు చొప్పున, మళ్ళీ మగచేప లేకుండానే పలుమార్లు పిల్లలు పెడుతుంది.

కనుక మిక్స్‌డ్ తొట్టెలో పెరిగిన ఆడచేపను అసలు రకం మగచేప పక్కన పెట్టి సంచి కట్టించి ఇస్తే, ఇంటికి వచ్చాక పుట్టే మొదటి కాన్పుల పిల్లలకు ఆ మగచేప తండ్రి కాకపోవచ్చు. కొత్త మగచేపతో కలిసిన తరువాత కూడా పాత మగచేప పిల్లలు కొన్ని రావచ్చు. ఆడచేప అసలు రకానిదే అయినా ఫలితం సంకరమే అవుతుంది. దుకాణంలో మగచేపలు ఒక తొట్టెలో, ఆడచేపలు ఇంకొక తొట్టెలో వున్నంత మాత్రాన సరిపోదు. ఆడపిల్లలను మగపిల్లల నుంచి ఏ వయసులో వేరు చేశారన్నదే ప్రశ్న.

పుట్టిన మూడు, నాలుగు వారాలకు ఆడపిల్లల కడుపు వెనుక భాగాన ముదురు మచ్చ కనిపించడం మొదలవుతుంది. మగపిల్లల కింది రెక్క సన్నబడి పుల్లలా మారుతుంది. ఈ గుర్తు కనబడగానే రెండింటినీ వేరు చేయాలి. రంగు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. పెంపకందారులు కోరే కన్య ఆడచేపలు ఇలా వేరుచేసినవే. పెద్ద ఆడచేపకంటే ఇలా వేరుచేసిన చిన్న ఆడచేపే లైను కోసం కొనేవాడికి మేలు.

ఎండ్లర్ సంగతి వేరు

ఇంతవరకు చెప్పినదంతా ఒకే జాతిలోని రకాల కలయిక. రెండు వేరు జాతుల కలయిక అనదగినది ‘ఎండ్లర్’ చేపల విషయంలో వస్తుంది. వెనిజులా దేశంలో కుమనా పట్టణం దగ్గరి పాతోస్ మడుగులో 1937లో ఫ్రాంక్లిన్ బాండ్, 1975లో జాన్ ఎండ్లర్ ఈ చేపలను సేకరించారు. 2005లో వీటికి పోసీలియా వింగీ అని పేరు పెట్టి వేరే జాతిగా ప్రకటించారు. గప్పీ వంశ పరిశోధన చేసిన వింగే గౌరవార్థమే ఆ పేరు. ఇది నిజంగా వేరే జాతా కాదా అన్న విషయంలో శాస్త్రజ్ఞులందరిదీ ఒకే మాట కాదు. గప్పీతో కలిసి, పిల్లలు పెట్టగల సంకరాన్ని ఇస్తుందన్న విషయంలో మాత్రం వివాదం లేదు.

అందుకే ఎండ్లర్ చేపలను పెంచేవారు మూడు తరగతులు ఏర్పాటు చేసుకున్నారు. ప్రకృతి నుంచి పట్టిన చేపల దాకా వంశం రికార్డు వున్నవి ‘ఎన్’ తరగతి. చూడడానికి ఎండ్లర్‌లాగే వుండి, రికార్డు లేనివి ‘పి’ తరగతి. గప్పీతో కలిసినట్టు తెలిసినవి ‘కె’ తరగతి. ఈ ఏర్పాటులో గమనించవలసినది ఒకటి వుంది. అచ్చం ఎండ్లర్‌లా కనిపించే చేపకు కూడా కాగితం లేకపోతే మొదటి తరగతి ఇవ్వరు. చూపును నమ్మకూడదన్న సూత్రాన్ని అక్కడ నియమంగానే పెట్టుకున్నారు.

చూపుతో చెప్పగలిగినది సంకరం గురించే. ఎండ్లర్ మగచేప చిన్నది. అంగుళం పొడవుండడం మామూలు. విసనకర్ర తోక దానికి వుండదు. ఎండ్లర్ పేరుతో అమ్మే చేపకు పెద్ద విచ్చుకున్న తోక, లేక పాము చర్మం అల్లిక, లేక ఆడచేప తోకలో రంగు కనిపిస్తే అందులో గప్పీ రక్తం వున్నట్టే లెక్క.

సంకరం తప్పు కాదు. పేరు మార్చి అమ్మడమే తప్పు

ఇంత చెప్పాక సంకరం చేపలు పనికిరానివన్న అభిప్రాయం కలగవచ్చు. అది సరికాదు. ఇంటి తొట్టెలో అందంకోసం పెట్టుకునేవాడికి మిక్స్‌డ్ గప్పీయే తక్కువ ధర, ఎక్కువ బలం గల సరుకు. అతనికి పిల్లలు ఏ పోలికతో పుట్టినా నష్టం లేదు.

అసలు రకాలకూ ఒక బలహీనత వుంది. తరతరాలుగా దగ్గరి బంధువులనే కలుపుతూ పోతే చేప పరిమాణం తగ్గుతుంది, కాన్పుకు పిల్లలు తగ్గుతాయి, రోగాలను తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. ఆ కారణంగా జాగ్రత్తపరులైన పెంపకందారులు ఒకే రకంలో రెండు మూడు లైన్లను వేర్వేరు తొట్టెలలో నడిపి, కొన్ని తరాలకొకసారి వాటిని ఒకదానితో ఒకటి కలుపుతారు. కొత్త రకాలను పుట్టించడానికీ సంకరమే ఆధారం. నేడు ఎక్కువ ధర పలుకుతున్న పేర్లన్నీ ఒకప్పటి సంకరాల నుంచి తరాల తరబడి ఏరివేతతో స్థిరపడినవే.

కాబట్టి సంకరాన్ని సంకరమని చెప్పి అమ్మితే ఎవరికీ నష్టం లేదు. రెండో తరం కూడా నిలవని చేపకు లైను ధర కట్టడం వల్లనే నష్టం వస్తుంది. ఆ నష్టం ఒక్క కొనుగోలుదారుతో ఆగదు. అతను తన పిల్లలను అదే పేరుతో పక్క పెంపకందారుకు అమ్ముతాడు. మూడు చేతులు మారేసరికి ఆ ఊరి మార్కెట్లో ఆ రకం పేరుకే విలువ పోతుంది. నిజంగా లైను నిలబెట్టినవాడికి కూడా ధర రాదు.

కొనే ముందు అడగవలసినవి

చెన్నైలోని కొళత్తూర్ ప్రాంతం రంగుచేపల పెంపకానికి, టోకు వ్యాపారానికి పేరుపడింది. కలకత్తా గాలిఫ్ స్ట్రీట్‌లో ఆదివారం సంత వుంది. ఇటువంటి చోట్ల చేపలు చాలా చేతులు మారి వస్తాయి. ఆక్సిజన్ నింపిన సంచిలో, థర్మోకోల్ పెట్టెలో దిగిన సరుకుకు వంశం చెప్పగలవాడు దొరకడం కష్టం. లైను కోసం కొనేవారు వీలైనంతవరకు పెంచినవాడి దగ్గరకే వెళ్ళడం మంచిది. ధర కొంత ఎక్కువైనా అక్కడ చూడదగినవి, అడగదగినవి వుంటాయి.

అమ్మకానికి పెట్టిన జతను మాత్రమే చూసి రాకూడదు. వాటి తల్లిదండ్రులను, అన్నదమ్ములను, అంతకంటే ముఖ్యంగా వాటి తరువాతి కాన్పు పిల్లలను చూపమనాలి. మూడు తరాలు ఒకే పోలికతో కనిపిస్తే అంతకు మించిన సాక్ష్యం లేదు. ఏరివేసిన చేపల తొట్టె ఎక్కడ వుందని అడగడం కూడా ఉపయోగకరం. ఏ లైనులోనైనా ప్రతి కాన్పులో కొన్ని నాసి పిల్లలు పుడతాయి. ఎక్స్, వై క్రోమోజోముల మధ్య అప్పుడప్పుడు జన్యువులు మారడం వల్ల మంచి లైనులో కూడా అరుదుగా వేరు పోలిక రావచ్చు. ఏరివేత తొట్టెను దాచకుండా చూపేవాడు లైను నడుపుతున్నవాడు. తన దగ్గర ఒక్క నాసి పిల్ల కూడా పుట్టదని చెప్పేవాడి మాట నమ్మదగినది కాదు.

కొన్న తరువాత కూడా వెంటనే తొట్టెలన్నీ ఆ రకంతో నింపడం తొందరపాటు. ఒక జతతో రెండు తరాలు చూసి, రెండో తరం కూడా నిలిచాక పెట్టుబడి పెంచడం క్షేమం. ఏ తేదీన ఏ ఆడచేప ఎన్ని పిల్లలు పెట్టింది, వాటిలో ఎన్ని పోలికతో వచ్చాయి, ఎన్నింటిని ఏరివేశారు అన్న లెక్కను ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఒక తొట్టెకు వాడిన వలను మరో తొట్టెలో ముంచేముందు దులిపి కడగాలి. వల అంచున చిక్కిన ఒక్క పిల్ల పక్క లైనులో పడితే చాలు, నెలల శ్రమ వృథా అవుతుంది. చెరువు నీటినో, కాలువ నీటినో వడకట్టకుండా తొట్టెలకు పోయడం వల్ల కాలువ గప్పీ పిల్లలు వచ్చి చేరిన సందర్భంలోనూ అదే ఫలితం. అలాగే ఏరివేసిన చేపలను చెరువులలో వదలకూడదు. గప్పీ ఎక్కడైనా బతికి వేగంగా పెరుగుతుంది కనుక స్థానిక చిన్నచేపలకు అది పోటీ అవుతుంది. వాటిని మిక్స్‌డ్ సరుకుగా దుకాణానికి ఇవ్వడమే సరైన పద్ధతి.

ఆ నోటుపుస్తకం వల్ల అమ్మేటప్పుడు మరో లాభం వుంది. రెండేళ్ళ కాన్పుల లెక్క చూపగలిగిన పెంపకందారుడు తన జతకు అడిగే ధర గురించి కొనేవాడితో ఎక్కువసేపు వాదించవలసిన పని వుండదు. లెక్క లేనివాడు ఎంత మంచి మగచేపను చూపినా, తెలిసిన కొనుగోలుదారు దాన్ని మిక్స్‌డ్ ధరకంటే కొంచెమే ఎక్కువకు అడుగుతాడు.